ఈశాన్యంలో రెడ్ ఓక్

నా చిన్నప్పుడు మా ఇంటి ఈశాన్యం మూల పెద్ద రెడ్ ఓక్ చెట్టు ఒకటి ఉండేది. ఉండేది అంటున్నానే గానీ అది ఇప్పటికీ అక్కడే ఉంది. అది ఇంకా ఎందుకుందో చెప్పడానికే ఈ కబురంతా. మా అమ్మాయి దృష్టిలో నేను బాగా పాతకాలం మనిషిని. మా ఇంట్లో ఫోను గోడకు తగిలించి ఉండేదని, ఇండియాకి మాట్లాడాలంటే కాలింగ్ కార్డు వెనక గీకి బారెడు నంబరు నొక్కేవాళ్ళమని తెలిసిన రోజునుంచి నన్ను ముసలివాళ్ళలో కలిపేసింది. సరే, ముసలమ్మ చెబుతోందనే అనుకోండి.

నేను మూడో తరగతిలో ఉండగా అమ్మా నాన్నా ఇక్కడ అమెరికాలోనే, అరోరా అనే ఊళ్ళో ఇల్లు కొన్నారు. రెండు వేల నాలుగో, ఐదో అయి ఉంటుంది. అంతకుముందు అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు అమ్మ వంటగది చూసింది, నాన్న గరాజు చూశారు, నేను వెనక్కి వెళ్ళి చెట్టు చూశాను. నేను, నాన్న చేతులు పట్టుకుని చుట్టినా ఆ మానుకి ఇంకా కొంత మిగిలేది. ఆకులు అరచేతికంటే పెద్దవి, వాటి కొసలన్నీ ముళ్ళలా సన్నగా ఉండేవి. ఒక కొమ్మ కిందికి వంగి సరిగ్గా ఇంటి వెనక చెక్క అరుగు, అదే మా డెక్, దాని కటకటాల మీదికి వచ్చేది. శరత్కాలంలో చెట్టంతా ఎర్రబడేది, టోపీలు పెట్టుకున్న కాయలు డెక్ మీద టపటపా రాలేవి. స్కూల్ నుంచి రాగానే బ్యాగు ఆ చెట్టు మొదట్లో పడేసి అక్కడే కూర్చునేదాన్ని. నాన్నకి ఆఫీస్ ఉన్నట్టే నాకూ అది ఆఫీస్. తోబుట్టువులు లేని పిల్లని, ఆ చెట్టంటే నాకు ప్రాణం.

మరుసటి ఏడాది అమ్మ కడుపుతో ఉంది. ఆ జూన్‌లో మా అమ్మమ్మ ఇండియా నుంచి వచ్చింది. పురుడు పోయడానికి ఆరు నెలలు ఉండేలా వచ్చింది. పెట్టెలో సగం పచ్చళ్ళు, సగం పాత మెత్తటి చీరలు, పిల్లాడికి పక్కబట్టలకని. ఆవిడకి ఇంగ్లీషు రాదు, కానీ వారం తిరిగేసరికి మా వీధిలో ఎవరింట్లో ఎన్ని కుక్కలున్నాయో, ఎవరు ఏ పూట నడవడానికి వెళ్తారో అన్నీ ఆవిడకే తెలుసు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో డెక్ మీదికొచ్చి చెట్టుని పలకరించేది. ఉడతలని మాత్రం తిట్టేది, పూలకుండీలు తవ్వుతున్నాయని.

ఆ వేసవిలోనే నాన్న స్నేహితుడు ఒకాయన భోజనానికి వచ్చారు. వారమంతా సాఫ్ట్‌వేర్ చేసి, వారాంతాల్లో తెలిసినవాళ్ళ ఇళ్ళకి వాస్తు చూసేవారు. నేను ఆయనకి వాస్తు అంకుల్ అని పేరు పెట్టుకున్నాను. ఆయన భోంచేసి, చెయ్యి కడుక్కుని, జేబులోంచి దిక్సూచి తీసి డెక్ మీద అటూ ఇటూ తిరిగి, చెట్టు ముందు ఆగిపోయారు.

“బ్రదర్, నీ ఫైల్ ఎందుకు మూవ్ అవ్వట్లేదో ఇప్పుడర్థమైంది. ఈశాన్యంలో ఇంత వెయిట్ పెట్టుకుంటే గ్రీన్ కార్డ్ ఎలా వస్తుంది? ముందు దీన్ని కట్ చేయించెయ్” అన్నారు.

నాన్నని ఇప్పుడు తలుచుకుంటే నాకు కోపం రాదు. అప్పుడు ఆయన వయసు ముప్ఫై ఎనిమిదో ఏమో. గ్రీన్ కార్డ్ ఫైలు ఎక్కడో ఆగిపోయి మూడేళ్ళయింది. ఆఫీసులో మనుషులని తీసేస్తున్నారు. ఉద్యోగం పోతే ఈ ఇల్లు, నా స్కూలు, పుట్టబోయే బిడ్డ, అన్నీ ఏమవుతాయోనని లోపల బెంగ. ఆ బెంగని ఎవరికీ చెప్పుకోరు. తన చేతిలో ఏమీ లేదనుకునే మనిషికి, ఫలానా పని చేస్తే అంతా సర్దుకుంటుందని ఎవరైనా చెబితే ఎంత హాయిగా ఉంటుందో పెద్దయ్యాక నాకూ తెలిసింది. అప్పుడు మాత్రం నాకదేమీ పట్టలేదు. ఏడ్చాను, అన్నం మానేశాను. నాన్న బుజ్జగించారు, ఇంకో చిన్న మొక్క నాటుదామన్నారు. చెట్టు కొట్టించడం మాత్రం ఖాయమన్నారు.

జూలైలో చెట్లు కొట్టే ఆయన వచ్చాడు, చూసి వెళ్ళడానికి. తెల్లగడ్డం, మోకాళ్ళ దగ్గర మాసిన ప్యాంటు. చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, మాను మీద చెయ్యి వేసి, ఏ రోగమూ లేని చెట్టు, ఎందుకు తీసేస్తున్నారని అడిగాడు. వాస్తు గురించి ఆయనకి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాన్నకి తోచలేదు. “పర్సనల్ రీజన్స్” అన్నారు. నేను డెక్ మెట్ల మీద ముక్కు చీదుకుంటూ కూర్చున్నాను. ఆయన నన్ను చూశాడు, అమ్మమ్మని చూశాడు, ఇంకేమీ అడక్కుండా తన ట్రక్కు దగ్గరికి వెళ్ళి జానెడు పొడవున్న ఎండు కర్రముక్క తెచ్చాడు. అదీ రెడ్ ఓక్ చెక్కే. చేతిలో వేసుకుంటే రాయిలా బరువుగా ఉంది. ఒక గిన్నెలో నీళ్ళు, అంట్లు తోముకునే సబ్బు అడిగాడు. కర్ర ఒక కొస సబ్బు నీళ్ళలో ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకుని బలంగా ఊదాడు.

గిన్నెలో బుడగలు లేచాయి. చుట్టూ ఎక్కడా బెజ్జం కనిపించని గట్టి చెక్కలోంచి గాలి బయటికొచ్చింది. నా ఏడుపు ఎక్కడికి పోయిందో పోయింది. వేరు తాగిన నీళ్ళు ఆకుకి చేరడానికి చెట్టు లోపల వెంట్రుకలంత సన్నటి గొట్టాలుంటాయట. వైట్ ఓక్‌లో ముదిరిన చెక్క గొట్టాలు మూసుకుపోతాయట, అందుకే పీపాలు దానితో చేస్తారట. రెడ్ ఓక్‌లో మాత్రం తెరుచుకునే ఉంటాయట, పీపా చేస్తే కారిపోతుందట. ఆయన చెప్పింది నాకు తోచిన తెలుగులో అమ్మమ్మకి చెప్పాను. ఆవిడ ఆ కర్ర తీసుకుని, కొంగుతో శుభ్రంగా తుడిచి, తానూ ఊదింది. మొదటిసారి రాలేదు. రెండోసారి బుగ్గలు పూరీల్లా పొంగించి ఊదింది. బుడగలు గిన్నె దాటి డెక్ మీదికి పొంగాయి.

“ఓసి దీని తస్సాదియ్యా, ఊపిరాడుతోందే దీనికి!” అని అమ్మమ్మ పకపకా నవ్వింది. ఏమందో అర్థం కాకపోయినా గడ్డం ఆయన కూడా నవ్వాడు. కర్రముక్క నాకిచ్చేసి, ఏ సంగతో ఫోన్ చేసి చెప్పమని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం టీ తాగుతుండగా అమ్మమ్మ చాలా మామూలుగా అడిగింది.

“అల్లుడుగారూ, చెట్టు ఎప్పుడు కొట్టిస్తున్నారు?”

“వచ్చే శనివారం అనుకుంటున్నానండి.”

“కొట్టించండి, మీ ఇల్లు మీ ఇష్టం. కాకపోతే కడుపుతో ఉన్నదాని మొగుడు చెట్టు కొట్టకూడదు, కొట్టించకూడదు అంటారు మన వైపు. మీకు తెలిసే ఉంటుందిలెండి.”

నాన్న టీ కప్పు కింద పెట్టేశారు. ఆయనకి తెలియదు. వెంటనే వాస్తు అంకుల్‌కి ఫోన్ చేశారు. ఒక శాస్త్రం కొట్టమంటోంది, ఇంకో శాస్త్రం కొట్టొద్దంటోంది. చివరికి ఆయన, “ఆంటీ చెప్పింది కరెక్టే బ్రదర్, నేనే మిస్ అయ్యాను. డెలివరీ అయ్యాక చేయించు” అన్నారు. నేను ఫోను పక్కనే నిలబడి అంతా విన్నాను. అమ్మమ్మ చిక్కుడుకాయలు వలుచుకుంటూ తలెత్తనైనా ఎత్తలేదు.

నేను ఎగిరి గంతేశాను. ఆ గంతు రెండు రోజులే. మూడో రోజు క్యాలెండర్ చూశాను. సెప్టెంబర్ చివర్లో తమ్ముడు పుడతాడు. వాడు పుట్టాక చెట్టు పోతుంది. అప్పటిదాకా తమ్ముడి కోసం రోజులు లెక్కపెట్టుకున్న నేను, ఆ రోజునుంచి వాడు రాకూడదని కోరుకోవడం మొదలుపెట్టాను. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. ఒక మధ్యాహ్నం అమ్మ సోఫాలో నిద్రపోతుంటే దగ్గరికి వెళ్ళి ఆవిడ పొట్టకి మూతి ఆనించి, “బేబీ, లోపలే ఉండు. బయటికి రాకు. నువ్వు వస్తే ట్రీ కట్ చేస్తారు” అని చెప్పాను. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో అమ్మమ్మ నిలబడి ఉంది.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చెయ్యి పట్టుకుని డెక్ మీదికి తీసుకెళ్ళి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, జడ విప్పి మళ్ళీ వేసింది. వేస్తూ వేస్తూ ఒకటే అడిగింది. “నీ చెట్టు గురించి నీకేం తెలుసే? అంత ప్రాణం పెట్టుకున్నావు కదా, ఏదైనా చెప్పు.” నాకేమీ తెలియదు. ఎర్రగా అవుతుందని, కాయలు రాలతాయని తప్ప ఇంకేమీ చెప్పలేకపోయాను. “అయితే తెలుసుకో ముందు. ఏడవడానికేం, ఎప్పుడైనా ఏడవొచ్చు” అంది అమ్మమ్మ.

లైబ్రరీ కార్డు నాన్న పేరు మీద ఉండేది. ఆయనతో వెళ్ళి చెట్ల పుస్తకం ఒకటి తెచ్చుకున్నాను. అందులో రెడ్ ఓక్‌కి ఒకే ఒక్క పేజీ. ఆ పేజీలో ఉన్నది చదివి డెక్ మీదికి పరుగెత్తాను. ఈ చెట్టు కాయ ఒక్క ఏడాదిలో పండదు. ఈ వసంతంలో పూసిన పువ్వు పిందె అయి, చలికాలమంతా అలాగే కొమ్మని పట్టుకుని ఉండి, మరుసటి ఏడు శరత్కాలానికి గానీ పండి రాలదు. వంగిన కొమ్మ దగ్గరికి అమ్మమ్మని లాక్కెళ్ళాను. పుస్తకం అబద్ధం చెప్పలేదు. పోయినేటి రెమ్మ మీద ఆకుపచ్చగా బలిసిన కాయలు. దాని చివర కొత్త రెమ్మ మీద, ఆకుకీ కాడకీ మధ్య, మిరియపు గింజలంత పిందెలు. అమ్మమ్మ కళ్ళజోడు తెప్పించుకుని మరీ చూసింది.

“అంటే ఇవి రాలిపోయేసరికి అవి ఉంటాయన్నమాట?”

“అవును అమ్మమ్మా. అవి రాలేటప్పటికి ఇంకా కొత్తవి వస్తాయి. ఎవ్రీ ఇయర్.”

“అంటే ఇది ఎప్పుడూ కడుపుతోనే ఉంటుంది” అంది అమ్మమ్మ. అని, నా వైపు చూసి కన్ను కొట్టింది. మా అమ్మమ్మ కన్ను కొట్టడం నేను చూసింది జీవితంలో అదొక్కసారే. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని నోటి మీద వేలు పెట్టింది. ఆ సాయంత్రం నేను ఆ పేజీలో పిందెల బొమ్మ పక్కన పెన్సిల్‌తో ఏదో రాసుకున్నాను కూడా. పుస్తకాల్లో రాసే చెడ్డ అలవాటు నాకు ఉండేది. గడువు రాగానే నాన్న పుస్తకం తీసుకెళ్ళి ఇచ్చేశారు, నేనా సంగతే మర్చిపోయాను.

తమ్ముడు చెప్పిన మాట వినకుండా సెప్టెంబర్ చివర్లో బయటికొచ్చేశాడు. వాడి పిడికిట్లో నా వేలు పెట్టగానే నేనన్న మాటలన్నీ వాపసు తీసుకున్నాను. ఇరవై ఒకటో రోజున బారసాల చేశారు. ఇల్లంతా ఆంటీలు, అంకుల్స్. తమ్ముడిని ఊయలలో వేసి పాటలు పాడారు. భోజనాలయ్యాక వాస్తు అంకుల్ డెక్ మీదికి చూస్తూ, “పురుడు అయిపోయింది కదా, ఇంక నెక్స్ట్ వీకెండ్ పెట్టెయ్” అన్నారు. అప్పుడే ఒక కాయ డెక్ మీద టప్పున పడింది. అమ్మమ్మ తాంబూలం పళ్ళెం పట్టుకుని సరిగ్గా అక్కడికే వచ్చింది.

“కొట్టించొచ్చు బాబూ, ఎవరొద్దన్నారు. కాకపోతే కాయలు మోస్తోంది కదా చెట్టు. పచ్చి బాలింత ఉన్న ఇంట్లో కడుపుతో ఉన్నదాని ఉసురు మనకెందుకు? ఆ కాయలు రాలిపోనివ్వండి. తర్వాత నేనేమీ అనను.”

అంకుల్ చెట్టు వైపు చూశారు. కాయలు సగం పైగా రాలిపోయాయి. “ఎంతలో అవుతుందాంటీ, టూ వీక్స్. వెయిట్ చేద్దాం” అన్నారు ఉదారంగా. అందరి ముందూ నాన్న కూడా, కాయలు రాలాకే కొట్టిద్దామని మాటిచ్చారు. నాకు నవ్వు ఆగక వంటింట్లోకి పారిపోయాను.

నవంబర్‌లో ఒక పొద్దున, డెక్ మీద కాయలన్నీ ఊడ్చి పోగుపెట్టాక, అమ్మమ్మ నాన్నని పిలిచింది. వంగిన కొమ్మ చివర రెమ్మ పట్టుకుని చూపించింది. ఆకులన్నీ రాలిపోవడంతో పిందెలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, రెమ్మ దగ్గరికి వంగి చాలాసేపు చూశారు.

“అత్తయ్యగారూ, ఇవి ఇప్పట్లో రాలేలా లేవే.”

“ఏమో బాబూ, ఇక్కడి చెట్ల సంగతి నాకేం తెలుసు” అంది అమ్మమ్మ, ఎంతో అమాయకంగా.

నాన్న నిట్టూర్చి, “సరే, మాటిచ్చాం కదా. ఇవి కూడా రాలాక చూద్దాం” అన్నారు.

డిసెంబర్‌లో అమ్మమ్మ ఇండియా వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నాకు ఒక డ్యూటీ అప్పగించింది. ఏటా ఆకులు రాలగానే నాన్నని పిలిచి పిందెలు చూపించాలి. నేను తూచా తప్పకుండా చూపించాను. ఏటా నాన్న కళ్ళజోడు తుడుచుకునేవారు, ఏటా అదే మాట అనేవారు. ఆ మొదటి చలికాలంలోనే మంచు బరువుకి పైన ఇంకో కొమ్మ విరిగిపడితే, అందరికంటే ముందు చెప్పుల్లేకుండా పరుగెత్తింది నాన్నే. ఆ కొమ్మని కోయించి, గరాజులో నాలుగు వారాంతాలు కుస్తీ పట్టి, తమ్ముడి అన్నప్రాశనకి పీట చేశారు. మామూలు ఇనప మేకులు కొట్టారు. తడిగుడ్డతో తుడిచేసరికి ప్రతి మేకు చుట్టూ నల్లటి మరక తేలింది. ఓక్ చెక్కకి ఇనుమూ తడీ తగిలితే నలుపు తిరుగుతుందని ఆయనకి ఎవరు చెప్పారు? పీట పాడైందని నాన్న దిగాలు పడితే, వాస్తు అంకుల్ దాన్ని నాలుగు వైపులా చూసి, పీట దానంతటదే దిష్టిచుక్కలు పెట్టుకుంది, చాలా మంచిదని తేల్చేశారు. తమ్ముడు ఆ దిష్టిచుక్కల పీట మీదే కూర్చుని మొదటి ముద్ద ఉమ్మేశాడు.

గ్రీన్ కార్డ్ ఆ తర్వాత మరో నాలుగేళ్ళకి వచ్చింది. చెట్టు ఈశాన్యంలోనే ఉంది.

అమ్మమ్మ ఇప్పుడు లేదు. చాలా ఏళ్ళు ఈ కథని నేను, నాన్నని అమ్మమ్మ బోల్తా కొట్టించిన కథగానే చెప్పుకున్నాను. పోయిన అక్టోబర్‌లో మా అమ్మాయిని తీసుకుని ఆ ఇంటికి వెళ్ళాను. గడ్డం ఆయన ఇచ్చిన కర్రముక్క ఇంకా నా దగ్గరే ఉంది. డెక్ మీద సబ్బు నీళ్ళు పెట్టి, అమ్మాయి ఆ కర్రతో బుడగలు ఊదుతుంటే, ఈ కథంతా దానికి చెప్పాను. నాన్న పక్కన కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నారు. నిద్రపోతున్నారనుకున్నాను.

“ఆ పుస్తకం నా కార్డు మీదే కదే తెచ్చావు” అన్నారు కళ్ళు తెరవకుండానే. “రిటర్న్ చేసే ముందు చూస్తే ఆ బొమ్మ పక్కన పెన్సిల్‌తో రాసి ఉంది, ‘ప్లీజ్ డోంట్ ఫాల్, ప్లీజ్’ అని. లైబ్రరీ వాళ్ళు ఏమైనా అంటారని కార్‌లో కూర్చుని రబ్బరుతో చెరిపాను. చెరుపుతూ పేజీ అంతా చదివాను. అప్పటికింకా నీ తమ్ముడు పుట్టలేదు.”

అంటే బారసాల రోజు మాటిచ్చినప్పుడే ఆయనకి తెలుసు. చెట్టు మీద కాయలు ఎప్పటికీ అయిపోవని తెలిసే ఇచ్చారు. మరి అమ్మమ్మకి ఎందుకు చెప్పలేదని అడిగాను.

“ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనకుండా, నలుగురిలో చిన్నబుచ్చకుండా, అంత ఓపిగ్గా నాకో దారి వేసింది. దాంట్లో నడవడం నా వంతు కదా” అన్నారు నాన్న.

నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఏటా ఆ రెమ్మ ముందు కళ్ళజోడు తుడుచుకున్నది నా కోసమన్నమాట. నాకు ఎవరి మీదైనా కోపమొచ్చి తెగ్గొట్టేయాలనిపించినప్పుడు, భయంతో ఎవరైనా మొండికేస్తే వాళ్ళని గెలిచేయాలనిపించినప్పుడు, ఆ డెక్ మీది ఇద్దరూ గుర్తొస్తారు. తెలియనట్టు చూపించిన అమ్మమ్మ, తెలియనట్టు చూసిన నాన్న. వాళ్ళంత ఓపిక నాకు లేదు గానీ, ఆ పూటకి నోరు మూసుకుని ఆగడం మాత్రం వచ్చింది.

మా అమ్మాయి బుడగలు ఆపి, కటకటాల మీదికి ఎక్కి, వంగిన కొమ్మ చివర వెతికి పట్టుకుంది. “తాతయ్యా, ఇటు చూడు!” అని అరిచింది. నాన్న లేచి వచ్చారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. రెమ్మ దగ్గరికి వంగి, ఇదే మొదటిసారి అన్నట్టు చాలాసేపు చూశారు.

“అరే, ఇంకా ఉన్నాయే! సరే తల్లీ, ఇవి కూడా రాలాక చూద్దాం.”